కాంటా కాడ కనబడాల్సిన భక్తి: ఒక మిర్చి గుమాస్తాతో పదకొండు నెలల శిష్యత్వం

ఈ కేసు హన్మకొండ శివారులోని ఒక చిన్న క్రైస్తవ సంఘానికి చెందిన విశ్వాసిది. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, మార్కెట్, దుకాణం పేర్లు తీసేశాం. ఆయనా, ఆయన భార్యా చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాం. సంఘ కాపరులు, పెద్దలు, గృహ కూడికలు నడిపేవాళ్లు తమ దగ్గర వాడుకోవడానికి పనికొచ్చేంత వివరంగా రాశాం.

ఆయనకు 41 ఏళ్లు. అడ్తి దుకాణంలో (రైతుల సరుకును కమిషన్ మీద అమ్మిపెట్టే దుకాణం) పద్నాలుగేళ్లుగా గుమాస్తా. జీతం 16,000. బాప్తిస్మం తీసుకుని తొమ్మిదేళ్లు. ఎనిమిదో తరగతి చదివే కొడుకు, మూడో తరగతి బిడ్డ. భార్య ఇంటి దగ్గరే ఉంటుంది, కుట్టు మిషన్ ఉంది కానీ మూలకు పడింది. ఆదివారం ఆరాధన మూడున్నర గంటలు, బుధవారం బైబిల్ స్టడీ గంటన్నర, శుక్రవారం ఉపవాస ప్రార్థన మూడు గంటలు, ఏదీ తప్పడు. డోలక్ వాయిస్తాడు. బైబిల్ రెండుసార్లు పూర్తిగా చదివాడు. రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు చదివితే 1,189 అధ్యాయాలు ఏడాదిలో అయిపోతాయి, ఆ లెక్క ప్రకారం చదివాడు. సంఘ పెద్దగా నిలబెట్టాలని మాట నడుస్తుండగా భార్య పాస్టరమ్మతో ఒక్క మాట అన్నది: "ఇంట్ల ఈయన వేరే మనిషి అక్కా."

ఆ మాట దగ్గరే పని మొదలైంది. పెద్దరికం మాట పక్కన పెట్టాం.

మొదట తేల్చుకోవాల్సింది

ఇంట్లో కోపం అని విన్నప్పుడు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటే: చెయ్యి చేసుకుంటున్నాడా? ఇది భర్త ముందు అడగకూడదు, మగవాళ్లు అడగకూడదు. పాస్టరమ్మ విడిగా, ఇంకెవరూ లేనప్పుడు అడిగింది. భార్యపై చేయి ఎత్తలేదని, కొడుకును నిరుడు రెండుసార్లు కొట్టాడని, కంచం విసిరేయడం, గొంతు పెంచడం మాత్రం వారంలో నాలుగైదు సార్లు ఉంటుందని తెలిసింది. దెబ్బలు ఇంకా నడుస్తుంటే ఈ కేసులో చెప్పబోయే పద్ధతి ఏదీ మొదట వాడకూడదు. ముందు తల్లీ పిల్లలు క్షేమంగా ఉండే చోటు చూడాలి, మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల కోసం 1098 వాళ్ల చేతిలో ఉండాలి. "ఓర్చుకో చెల్లీ, ప్రార్థన చేస్తున్నం" అని ఇంటికి పంపడం చాలా సంఘాల్లో జరిగే తప్పు. అది ఓర్పును నేర్పదు, కొట్టేవాడికి ధైర్యాన్నిస్తుంది.

రెండోది, మందు ఉందా అని. లేదు. మూడోది నిద్ర, తిండి. ఇక్కడ విషయం దొరికింది. మిర్చి సీజన్లో పొద్దున ఆరున్నరకు వెళ్తే రాత్రి ఏడున్నరకు వస్తాడు. మధ్యాహ్నం తినడు, ఆరేడు చాయ్‌లతో నెట్టుకొస్తాడు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద చచ్చిపోతానన్నప్పుడు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోబెట్టాడు, మందలింపు ఆ తర్వాతి మాట. అందుకని ఆయనకు ఇచ్చిన మొదటి పని వాక్యం కాదు, టిఫిన్ డబ్బా. మధ్యాహ్నం రెండు లోపల తినాలి. ఇది ఆత్మీయ విషయం కాదని అనుకున్నవాళ్లు ఆయన రాసుకున్న చీటీలు చూస్తే మనసు మార్చుకుంటారు. డబ్బా తిన్న రోజుల్లో ఇంటి గొడవలు సగానికి తగ్గాయి. మిగతా సగానికి వేరే కారణం ఉంది.

మూడు వారాల చీటీలు

జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఇచ్చాం. ఎప్పుడు కోపమొచ్చినా, అబద్ధమాడినా మూడు ముక్కలు రాయాలి: ఎక్కడ, అంతకు ముందు గంటలో ఏం జరిగింది, ఆ నిమిషంలో ఏం పోతుందని భయపడ్డాడు. మూడో ముక్క ముఖ్యం. పాపం కింద ఎప్పుడూ ఒక భయమో, ఒక ఆశో ఉంటుంది. దాన్ని వదిలేసి పైపైన కోసేస్తే గడ్డి మళ్లీ మొలుస్తుంది.

రెండో వారానికి ఒక వరుస కనబడింది. తక్‌పట్టీలు (రైతులకిచ్చే లెక్క చీటీలు) ఎక్కువగా రాసిన రోజుల్లోనే ఇంట్లో రభస ఎక్కువ. పని ఒత్తిడి అనుకోవచ్చు. కానీ దుకాణంలో అంతే పని ఉండి ఆయన గోదాంలో గడిపిన రోజుల్లో ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఇదేమిటన్నా అని అడిగితే పావుగంట మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

మార్కెట్ తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. రైతు బస్తాలు దించుకుంటాడు, పొద్దున జెండా పాట (వేలం) అవుతుంది, సరుకును బట్టి ధర కుదురుతుంది. ఆ తర్వాత కాంటా. దడువాయి తూకం చెబుతాడు, గుమాస్తా రాసుకుంటాడు. బస్తాల లెక్క, తూకం, ఖాళీ సంచి బరువు, తరుగు, ధర, హమాలీ, దడువాయి ఖర్చు, అడ్తి అన్నీ పోను రైతుకు రావాల్సిందెంతో తేల్చి ఇచ్చే చీటీయే తక్‌పట్టీ. ఎలక్ట్రానిక్ కాంటా 43.7 అని చూపిస్తుంది. గుమాస్తా 43 అని రాస్తాడు. ఆ పాయింట్ ఏడు ఎక్కడికీ పోలేదు, దుకాణంలోనే ఉంది. బస్తాకు సగటున అర కిలో పోయిందనుకున్నా ముప్పై బస్తాల రైతుకు పదిహేను కిలోలు. క్వింటాల్ 18,000 ఉంటే 2,700 రూపాయలు. కౌలు రైతుకు అది మిర్చి ఏరే కూలీలకు ఇచ్చే డబ్బు.

ఇలా గ్రాములు కొట్టేసిన రోజుల్లో సేటు సాయంత్రం ఆయన చేతిలో రెండు వందలు పెట్టేవాడు. నెలకు పదిహేను రోజులైనా వచ్చేది, అంటే మూడు వేలు. ఆ డబ్బే చీటీ పాటకు కట్టేవాడు. సీజన్ కాని నెలల్లో చేబదులు తెచ్చి కట్టి, సీజన్లో తీర్చేవాడు. ఆ రెండు వందల్లో ఇరవై రూపాయలు దశమ భాగంగా మందిరం పెట్టెలో వేసేవాడు కూడా. దీన్ని విని నవ్వొద్దు, కోప్పడొద్దు. చేసేది తప్పని మనసు ఒప్పుకుంటున్నా మానలేని మనిషి దేవునితో రాజీకి వెతుక్కునే దారి అది. సంఘం బోధించకుండా వదిలేసిన చోట ఇలాంటి రాజీలు పుడతాయి.

ఇక్కడ సంఘం తన లెక్క కూడా చూసుకోవాలి. వారంలో ఆయన మందిరంలో ఉండేది 8 గంటలు, మార్కెట్లో 66 గంటలు. తొమ్మిదేళ్లలో "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అన్న సామెతల మాట మీద ఒక్క ప్రసంగం ఆయన వినలేదు. మిర్చి, పత్తి మార్కెట్ల మీద బతికే ఊళ్లో, సగం మంది హమాలీలు, చాట కూలీలు, గుమాస్తాలు, రైతులుగా ఉన్న సంఘంలో!

ఎక్కడ మొదలుపెట్టాలి

అన్నీ ఒక్కసారే బాగుచేయాలన్న ఆరాటం కొత్తగా ఈ పని చేసేవాళ్లకు ఉంటుంది. కోపం, డబ్బు, రాత్రిపూట ఫోన్, కొడుకుతో మాటల్లేకపోవడం అన్నీ పట్టుకుంటే మూడు వారాల్లో మనిషి అలసిపోతాడు, కూడికకు రావడం మానేస్తాడు. ఒక్క చోటు ఎంచుకోవాలి. నీతిగా ఉంటే ఆ రోజు ఏదో ఒకటి పోగొట్టుకోవాల్సి వచ్చే చోటై ఉండాలి అది. ఆయనకు అది కాంటా. ఫోన్ సంగతి పదకొండు నెలల్లో మేం దాదాపు ముట్టుకోలేదు. రాత్రి పదికి హాల్లో పెట్టేయమన్నాం, అంతే.

కాంటా దగ్గర కూడా మూడు వేర్వేరు పాపాలున్నాయి, వాటిని కలిపేయకూడదు. గ్రాములు కొట్టడం ఆయన చేత్తో చేసేది. తరుగు పేరిట బస్తాకు కిలో తీయడం సేటు చెబితే రాసేది. చేతికి వెంటనే నగదు ఇచ్చినందుకు రెండు శాతం కోత మార్కెట్‌లో అందరూ అలవాటు చేసుకున్నది. ఒక గుమాస్తా మూడోదాన్ని ఒంటరిగా మార్చలేడు. దాని భారం కూడా మోపితే "ఎట్లయినా నాతోని కాదు" అని మొదటిదాన్నీ వదిలేస్తాడు. కాబట్టి వరుస: ముందు తన చేయి, తర్వాత సేటు మాట, ఆ తర్వాత మార్కెట్ అలవాటు. 2 పేతురు మొదటి అధ్యాయంలో "విశ్వాసమునందు సద్గుణమును, సద్గుణమునందు జ్ఞానమును, జ్ఞానమునందు ఆశానిగ్రహమును" అని ఒకదానిలో ఒకటి అమర్చుకొమ్మన్నది ఊరికే కాదు.

ఆ పేతురు మాటకు ముందు, మూడో వచనంలో, దేవుని శక్తి మనకు కావలసినవన్నీ ఇచ్చిందన్న మాట ఉంది. దాన్ని వదిలేసి ఐదో వచనం మొదలుపెడితే ఈ పనంతా నీతి లెక్కల పుస్తకమవుతుంది. అందుకే ఏ పద్ధతీ చెప్పకముందు ఒక సాయంత్రమంతా 1 యోహాను 1:9 మీదనే, మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న మాట మీదనే, కూర్చున్నాం. ఆయన పేరు పెట్టి ఒప్పుకున్నాడు: ఎన్ని సీజన్లు, ఎంత, ఎవరి దగ్గర. "ప్రభువా నా పాపాలు క్షమించు" అన్న ముద్ద ప్రార్థన చాలదు. ముద్దగా ఒప్పుకున్నవాడు క్షమాపణను కూడా ముద్దగానే పొందినట్టు ఉంటాడు, మళ్లీ మళ్లీ అదే అడుగుతుంటాడు.

రోజు ఎలా నడిచింది

పొద్దున ఐదు నలభైకి పన్నెండు నిమిషాలు. మూడు అధ్యాయాల చదువు ఆపించాం. ఇది కొందరు పెద్దలకు నచ్చలేదు. కానీ ఆయన చదువు పరుగు పందెంలా అయిపోయింది, మధ్యాహ్నానికి ఒక్క మాట గుర్తుండేది కాదు. దాని బదులు ఒకే భాగం వారమంతా: మొదటి వారం లేవీయకాండము 19:35, 36, రెండో వారం 15వ కీర్తన, తర్వాత యాకోబు 1:19 నుంచి 27, ఆపై నెలంతా ఎఫెసీ 4:25 నుంచి 32. రోజూ గట్టిగా రెండుసార్లు చదవాలి, ఒక వాక్యాన్ని చేత్తో రాసి చొక్కా జేబులో పెట్టుకోవాలి. మౌనంగా చదివితే నిద్రమత్తులో జారిపోతుంది, గట్టిగా చదివితే చెవి కూడా పనిచేస్తుంది.

కాంటా దగ్గర ప్రార్థనను ఒక చేతి పనికి కట్టాం. తక్‌పట్టీ బుక్ తెరిచి పెన్ను క్యాప్ తీసేటప్పుడు, మనసులో, "ప్రభువా, ఈ రైతు నీవాడు." అంతకన్నా పొడవు వద్దు. గంటకొకసారి ప్రార్థించు అంటే ఎవరూ చేయరు. పెన్ను క్యాప్ మాత్రం రోజుకు నలభైసార్లు తీయాల్సిందే. ఆ వెంటనే కాంటా మీద కనబడే అంకెను పైకి చదివి, ఉన్నది ఉన్నట్టు రాయాలి. పైకి చదవడం ఎందుకంటే రైతు వింటాడు. విన్నాక చేయి మార్చి రాయలేదు.

సాయంత్రం ఇంటి ముందు బండి ఆపి, ఇంజిన్ బంద్ చేసి, రెండు నిమిషాలు బయటే. గేటు దగ్గర పెట్టిన బాటిల్ నీళ్లు తాగి, డబ్బాలో మిగిలిన రెండు బిస్కెట్లో పల్లీలో తిని లోపలికి. ఇంట్లోకి వచ్చిన మొదటి అరగంట లెక్కలు, చదువు, ఫీజు మాటలు రావొద్దని భార్యతో కూడా ఒప్పందం. పిల్లలు పడుకున్నాక ఆమె ఒకే ప్రశ్న అడుగుతుంది: "ఇయ్యాల ఎట్లుండె?" ఆయన రెండు ముక్కల్లో చెప్పాలి. ఆమె విని ఊరుకోవాలి.

గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు యాభై నిమిషాల కూర్చోవడం. దీనికి కాపరి రాలేదు. కాపరి ఎదుట మనిషి తనను బాగున్నట్టు చూపించుకుంటాడు, అది సహజం. ఒక సంఘ పెద్ద, ఇంకా అదే మార్కెట్లో పదేళ్లుగా బస్తాలు మోసే ఒక హమాలీ సోదరుడు. గుమాస్తాను ఎప్పుడూ "సార్" అని పిలిచే మనిషి ఆయన. గురువారం పూట మాత్రం "తమ్మీ" అనాలని పెట్టుకున్నాం, ఎందుకంటే వయసులో ఆయనే పెద్ద. హమాలీ ప్రశ్న అడిగితే గుమాస్తా జవాబు చెప్పడం మొదటి నెల ఎంత కష్టమైందో ఆయన చీటీల్లోనే ఉంది. సాత్వికము అనే ఆత్మ ఫలం గురించి పది ప్రసంగాలు చేయలేనిది ఆ కుర్చీ చేసింది. ఇంకో లాభం, హమాలీకి కాంటా తెలుసు, మోసం చేయలేం.

ప్రశ్నలు నాలుగే. ఎన్ని తక్‌పట్టీలు రాసినవ్? ఎన్నింట్ల అంకె మార్చినవ్? ఇంట్ల ఎవరిమీద గొంతు లేపినవ్, వాళ్లకు ఏం చెప్పినవ్? ఈ నాలుగు ప్రశ్నలల్ల ఏదన్నా దాస్తున్నవా? "ఆత్మీయంగా ఎలా ఉన్నావు బ్రదర్" అని అడిగితే "ప్రభువు కృప వల్ల బాగున్న" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. సంఖ్య అడిగితే సంఖ్యే చెప్పాలి.

తప్పిన చోట్లు

ఫిబ్రవరి మూడో ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పాడు. కాంటాలో మోసం వదిలేశానని, దేవుడు గెలిపించాడని. సంఘమంతా హల్లెలూయా అంది. ఆ మాట సోమవారం మధ్యాహ్నానికి దుకాణానికి చేరింది. "నా దుకాణంల మోసం జరుగుతదని గుడిల చెప్పుకుంటవా?" అని సేటు నలుగురిలో కడిగేశాడు. తప్పు మాది, ముందే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు ఇలాంటి ప్రతి కేసులో నియమం: ఆరు నెలల దాకా సాక్ష్యం వద్దు. కొత్తగా నాటిన వంగ నారును రోజూ పీకి వేర్లు చూసినట్టు అవుతుంది. పైగా మనిషి తన సాక్ష్యానికే బందీ అయిపోతాడు, పడితే చెప్పుకోలేడు.

అదే జరిగింది. మార్చి రెండో వారంలో సరుకు పోటెత్తింది, ఒక్కో రోజు అరవై చీటీలు. గ్రాములు మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. రెండు గురువారాలు "ఒక్కటి కూడ లేదన్నా" అన్నాడు. మూడో గురువారం హమాలీ అన్న ఇంకేం అడగకుండా, "తమ్మీ, నేను మొన్న మంగళవారం నీ కాంటా కాడనే ఉన్న" అన్నాడు. అంతే. ఆ రాత్రి ఏం చేయకూడదో చెప్పాలి: మొదటి నుంచి మొదలుపెట్టించకూడదు, శిక్షగా ఉపవాసాలు వేయకూడదు, పెద్దలందరికీ చెప్పకూడదు. చేసింది: ఒప్పుకోలు విని, యాకోబు 5:16 చదివి, ఎందుకు పడ్డాడో చీటీలు చూశాం. టిఫిన్ డబ్బా ఆ రెండు వారాలు ఇంట్లోనే ఉండిపోయింది. రెండో కారణం, అంకె పైకి చదవడం మానేశాడు, పక్క గుమాస్తాలు ఎక్కిరిస్తున్నారని. ఈ రెండూ మళ్లీ కట్టాం. సరుకు ఎక్కువున్న వారాల్లో సోమవారం రాత్రి పది నిమిషాల ఫోన్ కూడా కలిపాం.

భార్య వైపు నుంచి కూడా ఒక పొరపాటు వచ్చింది. గొడవ జరిగినప్పుడు పిల్లల ముందు "గురువారం చెప్పనా?" అనడం మొదలుపెట్టింది. భార్యకు కాపలా పని ఇస్తే ఇద్దరూ ఓడిపోతారు. పాస్టరమ్మ ఆమెతో నెలకోసారి విడిగా కూర్చుంది, ఆయన సంగతి కాకుండా ఆమె సంగతి మాట్లాడటానికి. ఏళ్లుగా ఆమె లోపల దాచుకున్న కోపం కూడా మాటల్లోకి రావడానికి వేసవి దాకా పట్టింది.

పిల్లలకు క్షమాపణ చెప్పడం విడిగా నేర్పాల్సి వచ్చింది. మన దగ్గర తండ్రులకు అది అలవాటు లేని పని. పద్ధతి ఇది: కూర్చోబెట్టి కాదు, వాళ్ల పక్కన తానే కూర్చోవాలి. చేసిన పని పేరు చెప్పాలి ("మొన్న కంచం విసిరిన, నిన్ను దద్దమ్మ అన్న, అది తప్పు"). "కానీ" అనే మాట రాకూడదు. "మాఫ్ చేసినవా?" అని ఒత్తిడి చేయకూడదు. బిడ్డ వెంటనే మెడ చుట్టేసుకుంది. కొడుకు "సరే" అని లేచి పోయాడు, రెండు నెలలు అలాగే ఉన్నాడు. అది మామూలే. తండ్రి మారాడో లేదో చూసుకునే హక్కు ఆ పిల్లవాడికి ఉంది.

రెండు వందలు, సేటు, బాకీ

ఆ రెండు వందలు మానాలంటే ముందు ఇంటి లెక్క కుదరాలి. మానేసి నెలాఖరున చీటీ కట్టలేకపోతే మళ్లీ అక్కడికే వెళ్తాడు. చీటీ మధ్యలో ఆపితే నష్టం, అందుకని నిర్వాహకుడితో మాట్లాడి బావమరిది పేరుకు మార్పించారు. భార్య మిషన్ బయటికి తీసి జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. సంఘం నాలుగు నెలలు, నెలకు 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఇది బీదలకు పెట్టే దానం లెక్కలో రాయలేదు. ఒక సభ్యుడు నీతిగా బతకడానికి నష్టపోతుంటే ఆ నష్టంలో సంఘం తన వంతు మోయాలి. ప్రసంగం మాత్రం మనది, నష్టం మాత్రం వాడిది అంటే అది క్రీస్తు శరీరం కాదు.

సేటుతో మాట్లాడటానికి దానియేలు మొదటి అధ్యాయం దారి చూపింది. రాజు పెట్టిన భోజనాన్ని దానియేలు తిట్టలేదు. పది దినములు పరీక్షించి చూడమని అడిగాడు. మాటలు ముందే రాసుకుని, మార్చి మొదట్లో, దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు ఒంటరిగా: "సేటు, మీరు పద్నాలుగేండ్లు అన్నం పెట్టిన్రు. తూకం ఉన్నదున్నట్టు రాస్త. సాయంత్రం ఇచ్చే రెండు వందలు నాకొద్దు. రెండు వారాలు చూడుర్రి." సేటు ఏమీ అనలేదు. మార్చిలో ఆయన మళ్లీ పడ్డది ఈ మాట ఇచ్చాకే, అందుకే అంత సిగ్గుపడి దాచాడు. ఏప్రిల్ చివర్లో ఒక రైతుకు బస్తాకు కిలో తరుగు రాయమంటే రాయలేనన్నాడు. మర్నాటి నుంచి గోదాం, కోల్డ్ స్టోరేజీ లెక్కలకు పంపేశారు. జీతం అంతే, పెరిగే ఆశ లేదు. తక్‌పట్టీలు ఇప్పుడు ఇంకో కుర్రాడు రాస్తున్నాడు, గ్రాములు కొడుతూనే. మా పనికి ఇది గెలుపని చెప్పలేం. ఉద్యోగం మానేయాలా అని ఆయన అడిగాడు. మానమని చెప్పలేదు. గోదాం లెక్కలో ఆయన చేత్తో అబద్ధం రాయాల్సిన పని లేదు, ఇంట్లో నలుగురు తినాలి. అబద్ధం రాయకపోతే ఉద్యోగమే లేదన్న రోజు వస్తే అప్పుడు మానాలి, ఆ రోజు సంఘం పక్కన నిలబడాలి.

తిరిగి చెల్లించడం గురించి చాలా గందరగోళం ఉంది కనుక కొంచెం ఎక్కువ రాస్తున్నాం. ధర్మశాస్త్రంలో దొరికిపోయిన దొంగకు ఒక లెక్క, తనంతట తానే ఒప్పుకున్నవాడికి ఇంకో లెక్క. గొర్రెను దొంగిలించి అమ్మినవాడు నాలుగు గొర్రెలు ఇవ్వాలని నిర్గమకాండము 22 చెబుతుంది. ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వాలని లేవీయకాండము 6, సంఖ్యాకాండము 5 చెబుతాయి. లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది తన సంతోషంలో తాను అన్న మాట, దాన్ని ఎవరి మీదా రుద్దకూడదు. యేసు ఆయన ఇంటికి వచ్చాక ఆ మాట వచ్చింది, రావడానికి రుసుముగా కాదు. తిరిగి చెల్లించడం క్షమాపణకు ధర కాదని ప్రతి నెలా చెప్పాల్సి వచ్చింది.

ఆయన దగ్గర గత సీజన్ డైరీ ఉంది: రెండు వందలు తీసుకున్న రోజులు 60. అంటే 12,000. ఐదో వంతు 2,400. మొత్తం 14,400, నెలకు 1,200 చొప్పున పన్నెండు నెలలు. దుకాణం తిన్నది ఆయన బాకీ కాదు, జేబులోకి వచ్చింది మాత్రమే. ఎవరికి? గుర్తున్న రైతులు తొమ్మిది మంది. ఒక్కొక్కరి ఇంటికి ఆదివారం సాయంత్రాలు హమాలీ అన్నతో కలిసి వెళ్లాడు. చెప్పాల్సింది తన వంతే: "నేను రాసిన తూకంల తప్పున్నది. నా వంతు ఇది." సేటు పేరు, దడువాయి పేరు, సువార్త పత్రిక ఏదీ వద్దు. డబ్బు ఇచ్చి వెంటనే మందిరానికి రమ్మంటే అది కొనుగోలు అవుతుంది. ఎందుకిస్తున్నవని వాళ్లే అడిగితే చెప్పాలి. ఒక ముసలాయన తీసుకోనన్నాడు, బలవంతం చేయలేదు. ఇద్దరు తిట్టారు, నిలబడి విని వచ్చాడు. ఆచూకీ దొరకని రైతుల వంతు సంఘం పెట్టెలోకి తీసుకోలేదు. తీసుకునేవాడు లేకపోతే ఆ సొమ్ము యాజకునిదన్న సంఖ్యాకాండము 5:8 ప్రకారం తీసుకోవచ్చుననే వాదన వచ్చింది, కానీ ఈ డబ్బుతో మందిరం లాభపడిందన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఒక కౌలు రైతు పిల్లల బడి పుస్తకాలకు వెళ్లింది. మే నుంచి నవంబర్ దాకా ఏడు వాయిదాలు, 8,400 అయింది.

ఇలా చేయడం ఈ నేలకు కొత్తేమీ కాదు. 1912లో బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య గారి దోర్నకల్ ఇక్కడికి రైలు దూరమే. ఆయన పరిచర్యలో ఊళ్లలోని దళిత విశ్వాసుల బతుకులు మారడం చూసే ఇతర కులాలవాళ్లు కూడా ప్రభువు వైపు తిరిగారు. పక్కింటివాడు చూసేది మన బతుకునే.

నవంబర్ చివర

కోపం లెక్క ఆయన చెప్పింది కాకుండా భార్య చెప్పిందే రాస్తున్నాం: వారంలో నాలుగైదు సార్ల నుంచి నెలలో రెండు మూడుకు. కంచాలు విసరడం జూన్ నుంచి లేదు. కొడుకు దసరా సెలవుల్లో గోదాంకు ఆయన వెంట వెళ్లాడు, తనే అడిగి. రాత్రి ఫోన్ ఇంకా బాగుపడలేదు. పెద్దరికం మాట ఇంకో ఏడాది ఎత్తొద్దని ఆయనే అన్నాడు. ఆరు నెలలు దాటినా మళ్లీ సాక్ష్యం చెప్పలేదు, అడగలేదు కూడా.

జనవరి నుంచి మిర్చి మళ్లీ మొదలవుతుంది. కుర్రాడి లెక్కలు తేడా వస్తున్నాయని సేటు మళ్లీ తక్‌పట్టీ బుక్ పట్టమని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తానంటేనే కూర్చుంటానని చెప్పాలని గురువారం అనుకున్నారు. జవాబు ఇంకా చెప్పలేదు. ఆయన కూర్చుంటే పెట్టుకున్న ఏర్పాట్లు ఇవి: మొదటి మూడు వారాలు సోమ, గురు రెండు రోజులూ కూర్చోవడం, టిఫిన్ డబ్బా సంగతి హమాలీ అన్న రెండు గంటలకు చూసుకోవడం, లేవీయకాండము 19 మళ్లీ మొదటి వారం నుంచి, కాంటా అంకె పైకి చదవడం మొదటి బస్తా నుంచే. ఆ కుర్రాడు కూడా బుధవారం స్టడీకి రెండుసార్లు వచ్చి వెనక కూర్చున్నాడు. ఆ కుర్రాడితో ఇప్పుడే ఏమీ అనొద్దని, చాయ్‌కి మాత్రం పిలవమని చెప్పాం.